పేగుకు తూట్లు పడ్డాయంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. గాజువాకలో ఉంటాం, స్కూల్లో టీచర్‌ని. ఆరు నెలల క్రితం పన్ను చీము పట్టి ఒకసారి, ఆ తర్వాత కొద్దిరోజులకే దగ్గు, జ్వరం వచ్చి ఇంకోసారి యాంటీబయాటిక్ కోర్సులు వాడాను. అప్పట్నుంచి కడుపు ఉబ్బరం. ఒకరోజు మూడు నాలుగు మోషన్లు, ఒకరోజు అసలు కావు. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకుంటూ ఉంటాను. పరగడుపున గ్యాస్ మాత్ర ఏడాదిగా అలవాటైపోయింది. తోటి టీచరు చెబితే ఒక వెల్‌నెస్ సెంటర్‌కి వెళ్లాను. నాది 'లీకీ గట్' అనీ, పేగు గోడకి తూట్లు పడి విషాలు రక్తంలోకి పోతున్నాయనీ అన్నారు. మలం పరీక్షతో ఏ బాక్టీరియా ఎంతుందో తేల్చి, మూడు నెలల ప్యాకేజీ ఇస్తారట. పప్పులు, గోధుమలు, పెరుగు, సగం కూరగాయలు మానేయమన్నారు. మేలు చేసే బాక్టీరియా ఉంటుందంటూ ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ ఇచ్చారు. మా అత్తగారేమో ఇవన్నీ ఎందుకు, పులిసిన గంజి నీళ్లు, అదే తరవాణి తాగు అంటున్నారు. ఎవరి మాట వినాలి? ఎనిమిదేళ్ల మా పాపకి కూడా ఆ క్యాప్సూల్స్ మంచివేనన్నారు. ఇవ్వొచ్చా?
— ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, ముందు ఆ తూట్ల భయం మనసులోంచి తీసేయండి. మీ బాధ నిజం, దానికి కారణం ఉంది, చాలావరకు సర్దుకునే అవకాశమూ ఉంది. కానీ మీకు చెప్పిన మందు మీ జబ్బుకి తిరగబడే మందు. అలా ఎందుకంటున్నానో అర్థం కావాలంటే పేగు లోపల ఏం జరుగుతుందో కాస్త ఓపికగా చూడాలి. మీరు టీచరు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

పేగు లోపలి పొర అంటే ఒకే ఒక్క వరస కణాలు. తిన్న అన్నానికీ మన రక్తానికీ మధ్య అడ్డుగా ఉన్నది అంతే. ఆ కణాలు కూడా మూడు నుంచి ఐదు రోజుల్లో రాలిపోయి, కింద నుంచి కొత్తవి పుట్టి ఆ చోట్లోకి వస్తాయి. మీకు ఇవాళ ఉన్న పొర వచ్చే వారానికి ఉండదు. కణానికీ కణానికీ మధ్య ప్రోటీన్లతో అల్లిన బిగింపులు ఉంటాయి. అవి ఎప్పుడూ ఒకేలా ఉండవు, కొంత వదులవుతాయి, మళ్లీ బిగుస్తాయి. నీళ్లు, లవణాలు కొంతవరకు ఆ సందుల్లోంచే వెళ్తాయి. అంటే కొద్దిగా దారి ఇవ్వడం ఆ పొర పనిలో భాగమే. అదేదో గోడకి చిల్లు పడితే సిమెంటు పూసినట్టు మూసేయాల్సిన వ్యవహారం కాదు.

అయితే పేగు పొర దెబ్బతినడం అనేది అబద్ధం కాదు. గోధుమల్లోని ప్రోటీన్ పడని సీలియాక్ జబ్బులో, పేగులో వాపు వచ్చే క్రోన్స్ జబ్బులో, అతిగా తాగేవాళ్లలో, నొప్పి మాత్రలు ఎక్కువగా వాడేవాళ్లలో ఆ బిగింపులు సడలుతాయని తెలుసు. దాన్ని కొలవడానికి రెండు రకాల చక్కెరలు కలిపిన నీళ్లు తాగించి, మూత్రంలో ఏది ఎంత వచ్చిందో చూసే పద్ధతి ఉంది, అది ఎక్కువగా పరిశోధనలకే వాడతారు. మీ విషయంలో అలాంటిదేమీ చేయకుండా, మాటలతోనే తూట్లు పడ్డాయని తేల్చేశారు. వైద్యంలో 'లీకీ గట్ సిండ్రోమ్' అనే పేరుతో గుర్తింపు పొందిన జబ్బు లేదు. పొర సడలడం చాలాసార్లు వేరే జబ్బుకి గుర్తు. అసలు జబ్బు ఏదో వెతకాలి, పేరు పెట్టి అక్కడితో ఆగిపోకూడదు.

ఇక సూక్ష్మజీవుల సంగతి. మన ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2016లో అంచనా కట్టారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఆ బాక్టీరియా అంతా కలిపినా బరువు 200 గ్రాములే. వాటిలో ఎక్కువ భాగం పెద్ద పేగులోనే ఉంటుంది. అన్ని జీవులు ఒక్క వరస కణాల పక్కనే కాపురం ఉంటే రోజూ గొడవే జరగాలి కదా. జరగడం లేదంటే మధ్యలో ఒక ఏర్పాటు ఉంది. అదే జిగురు పొర.

పేగు పొరలోని కొన్ని కణాలు రాత్రీ పగలూ జిగురు తయారు చేసి బయటికి వదులుతుంటాయి. పెద్ద పేగులో ఈ జిగురు రెండు అరలుగా ఉంటుందని స్వీడన్‌లో గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు 2008లో ఎలుకల్లో చూపించారు. కణాలకి ఆనుకుని ఉన్న లోపలి అర చిక్కగా ఉంటుంది, అందులో బాక్టీరియా దాదాపు కనపడదు. బయటి అర పలుచన, బాక్టీరియా అక్కడ ఉంటుంది. మన బీచ్ రోడ్డు మీద నిలబడి చూస్తే దూరంగా సముద్రంలో లంగరేసుకుని ఆగిన ఓడలు కనిపిస్తాయి చూడండి, ఇవీ అంతే. ఒడ్డుకు రావు, అలాగని వెళ్లిపోవు. చిన్న పేగులో జిగురు ఇంత చిక్కగా ఉండదు, అక్కడ బాక్టీరియాని చంపే ప్రోటీన్లు కాపలా కాస్తాయి. వీటికి తోడు పేగు పొర రోజూ గ్రాముల కొద్దీ ప్రతిరక్షకాలను (యాంటీబాడీలను) లోపలికి వదులుతుంది.

ఇంతవరకు చూస్తే ఇది శత్రువుని దూరంగా ఉంచే పనిలా కనిపిస్తుంది. నాకు అన్నింటికన్నా ఆశ్చర్యంగా అనిపించేది ఇక ముందుంది.

మనం తిన్న పీచుని మన ఒళ్లు అరిగించుకోలేదు. అది యథాతథంగా పెద్ద పేగుకి చేరుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాన్ని వదులుతుంది. పెద్ద పేగు కణాలకి ఇదే అసలు తిండి. తమకు కావాల్సిన శక్తిలో 70 శాతం దాకా అవి దీంతోనే సంపాదించుకుంటాయి. ఒంట్లో మిగతా కణాలు చాలావరకు రక్తం తెచ్చిచ్చే తిండి మీద బతుకుతుంటే, ఇవి మాత్రం అవతలి ఒడ్డున ఉన్న బాక్టీరియా పెట్టే తిండి మీద బతుకుతున్నాయి. మీరు తిన్న తోటకూర కాడ ఇలా బాక్టీరియా చేతుల మీదుగా మళ్లీ మీ దగ్గరికే వస్తోందన్నమాట.

బ్యూటిరేట్‌ని కాల్చడానికి ఆ కణాలకి ప్రాణవాయువు బాగా కావాలి. రక్తం నుంచి వచ్చిన ఆక్సిజన్‌ని అవే వాడేసుకుంటాయి, పేగు మధ్యలోకి పోనివ్వవు. ఆక్సిజన్ అందని చోట పెరిగేవి ఎక్కువగా మనకి మేలు చేసే రకాలే. ఇప్పుడు యాంటీబయాటిక్ వేశారనుకోండి. చీముపట్టిన పన్నులో ఉన్న బాక్టీరియాతో పాటు పేగులో బ్యూటిరేట్ తయారుచేసేవీ పోతాయి. తిండి తగ్గిన పేగు కణాలు దారి మార్చుకుని రక్తంలోని చక్కెర వాడుకోవడం మొదలుపెడతాయి, ఆక్సిజన్ వాడకం తగ్గుతుంది. మిగిలిన ఆక్సిజన్ పేగు లోపలికి చేరుతుంది. ఆక్సిజన్ ఉన్నప్పుడు రెచ్చిపోయే ఇ. కోలై, సాల్మొనెల్లా లాంటి వాటికి అప్పుడు సందు దొరుకుతుంది. ఈ వరసంతా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాస్త్రవేత్తలు 2016, 2017 సంవత్సరాల్లో ఎలుకల్లో విడమరిచి చూపించారు. యాంటీబయాటిక్ వాడాక చాలామందికి కడుపు పాడవడానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను.

ఇంకోటి. బాక్టీరియాకి పీచు అందకపోతే ఏమవుతుంది? మిషిగన్, లక్సెంబర్గ్ శాస్త్రవేత్తలు 2016లో దీన్ని పరీక్షించారు. ఏ క్రిమీ లేకుండా పెంచిన ఎలుకల పేగుల్లో మనుషుల నుంచి తీసిన 14 రకాల బాక్టీరియాని వేసి, కొన్నింటికి పీచున్న మేత, కొన్నింటికి పీచు లేని మేత పెట్టారు. పీచు అందని ఎలుకల్లో బాక్టీరియా ఆకలికి జిగురు పొరనే తినడం మొదలుపెట్టింది. పొర పలచబడింది. ఆ తర్వాత ఒక రోగకారక క్రిమిని ఎక్కిస్తే ఆ ఎలుకలకే జబ్బు బాగా ముదిరింది. ఎలుకల్లో జరిగింది మనిషిలో అంతే తీవ్రంగా జరుగుతుందని నేను చెప్పడం లేదు. కానీ పేగు పొర సడలిందని చెప్పి, ఆ పొరని నిలబెట్టే పీచుకి మూలమైన పప్పులు, కూరగాయలు మానేయమనడం నాకు ఎంతమాత్రం మింగుడుపడడం లేదు. ఆ ప్యాకేజీ వద్దని నేను అంత గట్టిగా చెప్పడానికి కారణం ఇదే.

బాక్టీరియా లెక్క తీసే మలం పరీక్ష కూడా వద్దు. అందులో రంగురంగుల పట్టీలతో పేజీల కొద్దీ రిపోర్టు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు మనుషుల్లోనే బాక్టీరియా ఒకేలా ఉండదు కాబట్టి, ఇది ఎక్కువ అది తక్కువ అని చూసి మందు రాసే స్థితికి వైద్యం ఇంకా రాలేదు. ఆ డబ్బుతో చేయించాల్సిన అసలు పరీక్షలు వేరే ఉన్నాయి. హిమోగ్లోబిన్, థైరాయిడ్, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చేయించండి. ఈ చివరిది పేగులో వాపు ఉందో లేదో చెబుతుంది, అది మామూలుగా ఉంటే పెద్ద జబ్బుల భయం చాలావరకు తగ్గుతుంది. సీలియాక్ కోసం రక్త పరీక్ష కూడా డాక్టరుని అడగండి. మన వైపు అన్నం తినేవాళ్లలో ఆ జబ్బు తక్కువే, కానీ ఒక జాగ్రత్త ఉంది: ఆ పరీక్ష చేయించేదాకా గోధుమలు మానకూడదు. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేనట్టు చూపించొచ్చు. మీరు చపాతీ ఇప్పటికే ఆపేసి ఉంటే ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

మీ ఉత్తరంలో వెల్‌నెస్ సెంటర్ వాళ్లు పట్టించుకోని రెండు సంగతులున్నాయి. ఒకటి డైక్లోఫెనాక్. పేగు పొరని నేరుగా దెబ్బతీసేవాటిలో ఇలాంటి నొప్పి మాత్రలు ముందుంటాయి, కడుపులోనే కాదు, చిన్న పేగులో కూడా పుళ్లు పడతాయి. మందుల షాపులో అడిగితే చేతిలో పెట్టేస్తారు కాబట్టి మనకి అది మందులా అనిపించదు. నడుం నొప్పికి వేరే దారి చూసుకోండి, ఫిజియోథెరపీ వాళ్లు చెప్పే వ్యాయామాలు మొదలుపెట్టండి. తప్పనిసరి అయితే పారాసెటమాల్ గురించి మీ డాక్టరుని అడగండి. రెండోది పరగడుపు గ్యాస్ మాత్ర. కడుపులో ఆమ్లం ఉన్నదే నోట్లోంచి, తిండిలోంచి వచ్చే క్రిములని చంపడానికి కూడా. ఆ ఆమ్లాన్ని ఏడాదిపాటు తగ్గిస్తే, మామూలుగా నోట్లో ఉండే బాక్టీరియా పేగుల్లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. అలాగని రేపట్నుంచే ఠక్కున ఆపకండి, ఆమ్లం ఎగదన్ని మంట ఎక్కువవుతుంది. అసలు ఆ మాత్ర మీకెందుకు మొదలుపెట్టారో డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోండి. డైక్లోఫెనాక్ వాడుతున్నంతకాలం కడుపుకి కాపుగా ఇది కావాల్సి రావొచ్చు, అందుకే రెండింటి గురించీ కలిపి అడగాలి.

యాంటీబయాటిక్ గురించి మీ మీద మీరు కోపం తెచ్చుకోకండి. పన్ను చీముకి డెంటిస్టు అవసరమని రాస్తే వాడాల్సిందే. దగ్గు, జలుబు జ్వరాలకి మాత్రం ఎక్కువసార్లు వైరస్సే కారణం, దాని మీద యాంటీబయాటిక్ పనిచేయదు. ఇకమీదట 'డాక్టరు గారూ, ఇది తప్పనిసరా?' అని ఒక్కమాట అడగండి, మంచి డాక్టరు నొచ్చుకోరు. డెన్మార్క్‌లో ఆరోగ్యంగా ఉన్న 12 మంది మగవాళ్లకి నాలుగు రోజులు మూడు రకాల గట్టి యాంటీబయాటిక్స్ ఇచ్చి చూశారు. నెలన్నరకల్లా వాళ్ల పేగు బాక్టీరియా చాలావరకు తిరిగొచ్చింది. ఆరు నెలలైనా తొమ్మిది రకాలు మాత్రం రాలేదు. అంటే కోలుకోవడం జరుగుతుంది, కానీ నెమ్మదిగా, కొంచెం కొరతతో. మీరు రెండు కోర్సులు వెంటవెంటనే వాడారు, దాని మీద నొప్పి మాత్రలు. ఆరు నెలలు పట్టడంలో వింతేం లేదు.

ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ సంగతి చెబితే మీరు ఆశ్చర్యపోతారు. వైజ్‌మన్ వాళ్లే 2018లో, యాంటీబయాటిక్ వాడిన వాళ్లని జట్లుగా విడదీసి చూశారు. ఏమీ ఇవ్వకుండా వదిలేసిన వాళ్ల సొంత బాక్టీరియా మూడు వారాల్లో దాదాపు పాత స్థితికి వచ్చింది. 11 రకాలు కలిపిన ప్రోబయాటిక్ ఇచ్చిన వాళ్లకి నెలలు గడిచినా పూర్తిగా రాలేదు. కొత్తగా వచ్చినవి చోటు ఆక్రమించుకుని పాతవాటిని తిరిగి రానివ్వలేదు. అది చిన్న పరిశోధనే, ప్రతి ప్రోబయాటిక్‌కీ అదే వర్తిస్తుందని అనలేం. యాంటీబయాటిక్ వాడుతుండగా వచ్చే విరేచనాలని కొన్ని రకాలు తగ్గిస్తాయి కూడా. కానీ కోర్సు అయిన ఆరు నెలలకి, ఏ రకమో తెలియని క్యాప్సూల్స్ నెలల తరబడి మింగడం వల్ల మీకు ఒరిగేదేం నాకు కనిపించడం లేదు. ఆపేయండి.

మీ అత్తగారి తరవాణి దగ్గరికి వద్దాం. ఆవిడ మాటలో చాలా సారం ఉంది. గంజి, నీళ్లు కుండలో పోసి, ఉప్పు, దబ్బాకు వేసి పులియనిస్తే వచ్చే ఆ పుల్లటి నీళ్లలో పాలని పెరుగు చేసే జాతి బాక్టీరియా ఉంటుంది. అందులో నానిన చద్దన్నం ఇంకా మంచిది. వండి చల్లార్చిన అన్నంలో పిండిపదార్థం కొంత గట్టిపడి, చిన్న పేగులో అరక్కుండా పెద్ద పేగు దాకా వెళ్లి, అక్కడ బ్యూటిరేట్ చేసే బాక్టీరియాకి మేత అవుతుంది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 2021లో ప్రకటించిన పరిశోధనలో కొందరికి పులిసిన ఆహారం రోజూ పది వారాల పాటు తినిపిస్తే, వాళ్ల పేగుల్లో బాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపు గుర్తులు తగ్గాయి. వాళ్లు తిన్నది పెరుగు, కెఫిర్ అనే పులిసిన పాలు, పులియబెట్టిన కూరగాయల వంటివి. అది తరవాణి మీద చేసిన పరిశోధన కాదు గానీ, దారి అదే.

ఒక్క జాగ్రత్త మాత్రం అత్తగారికి కూడా చెప్పండి. మన విశాఖ ఉక్కపోతలో వండిన అన్నాన్ని గంటల తరబడి ఉత్తినే వదిలేస్తే అందులో వాంతులు, విరేచనాలు తెప్పించే బాక్టీరియా పెరుగుతుంది, మళ్లీ వేడిచేసినా దాని విషం పోదు. కాబట్టి అన్నం చల్లారిన వెంటనే కాచి చల్లార్చిన నీళ్లు గానీ తరవాణి గానీ పోసి, కొంచెం పెరుగు తోడు కలిపి మూతపెట్టాలి. పొద్దున్నే తినేయాలి. జిగటగా తీగసాగినా, పులుపు కాకుండా చెడ్డ వాసన వచ్చినా పారబోయాలి, మొహమాటం వద్దు. విరేచనాలు జోరుగా ఉన్న రోజున ఇదేమీ వద్దు, ఓఆర్‌ఎస్ తాగండి.

పెరుగు మానక్కర్లేదు. పాలు పడటం లేదని అనుమానంగా ఉంటే రెండు వారాలు పాలు, టీలో పాలు ఆపి చూడండి. పేగు పొర దెబ్బతిన్నప్పుడు పాలలో చక్కెరని అరిగించే ఎంజైము ముందుగా తగ్గుతుంది, మన దక్షిణాదిలో పెద్దవాళ్లకి అది ఎలాగూ తక్కువే. పెరుగు చాలామందికి పడుతుంది, అందులోని బాక్టీరియా ఆ చక్కెరలో కొంత ముందే వాడేసుకుంటుంది.

పీచు ఎంత అంటే, పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాములని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గ్రాముల లెక్క పెట్టుకోకండి. పాలిష్ బియ్యం, పలుచటి చారు, వేపుడుతో గడిచే భోజనంలో అంత రాదు. పూటకో ఆకుకూరో కాయగూరో, రోజూ పప్పు, వారానికి కొన్నిసార్లు చోడి (రాగి) అంబలి, అరటికాయ కూర, అరటి దూట, పనసపొట్టు, జామకాయ. శీతాకాలంలో రోడ్డు పక్కన ఉడకబెట్టి అమ్మే తేగలు పీచుకి పెట్టింది పేరు. రైతు బజారులో సామలు, గంటెలు (సజ్జలు) దొరికితే వారంలో ఒక పూట అన్నం బదులు వండండి. ఒకే రకం ఎక్కువ తినడం కన్నా రకరకాలు తినడం మంచిది, ఎందుకంటే ఒక్కో బాక్టీరియాకి ఒక్కో రకం పీచు ఇష్టం.

కానీ ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే మీ ఉబ్బరం రెట్టింపవుతుంది, అప్పుడు ప్యాకేజీ వాళ్లు చెప్పిందే నిజమనిపిస్తుంది. ఆరు నెలలుగా పనిలేక తగ్గిపోయిన బాక్టీరియా పెరగడానికి టైము కావాలి. మొదటి వారం ఉన్న భోజనానికి ఒక్క కూర కలపండి. అది పడ్డాక పప్పు మోతాదు పెంచండి. పెసరపప్పుతో మొదలుపెట్టి, కంది, సెనగ, ఉలవలు ఆఖరున. పచ్చి ఉల్లిపాయ గ్యాస్ తెస్తే కొన్నాళ్లు వండినదే తినండి. ఏదైనా పడకపోతే కొద్దిరోజులు ఆపి, మళ్లీ కొంచెంతో ప్రయత్నించండి. పూర్తిగా మానేసిన వస్తువుల జాబితా పెరగకుండా చూసుకోవాలి.

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కేజీహెచ్‌లో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగం ఉంది. మీకు దగ్గర్లో ఉన్న జీర్ణకోశ వ్యాధుల డాక్టరు దగ్గరికైనా వెళ్లండి. ఐబీఎస్ అనే పేగు చికాకు కావొచ్చని నా ఊహ, కానీ ఉత్తరం చూసి తేల్చేది కాదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా పెద్ద పేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈ ఆహారం కబుర్లన్నీ పక్కన పెట్టి ఈ వారమే చూపించుకోండి.

పాపకి ఆ క్యాప్సూల్స్ ఇవ్వొద్దు. మన పక్కనే ఒడిశా పల్లెల్లో అప్పుడే పుట్టిన 4,500 మందికి పైగా పసిపిల్లల మీద ఒక ప్రోబయాటిక్‌ని పరీక్షించి, రక్తంలో ఇన్‌ఫెక్షన్లు బాగా తగ్గాయని 2017లో ప్రకటించారు. అది గొప్ప పరిశోధన. కానీ అక్కడ ఇచ్చింది ఏళ్లపాటు వెతికి ఎంచిన ఒకే ఒక్క రకం, దాని మేతతో కలిపి, పుట్టిన మొదటి రోజుల్లో, ఒక్క వారం పాటు. ఆడుతూ పాడుతూ ఉన్న ఎనిమిదేళ్ల పిల్లకి, సీసా మీద ఏ రకమో సరిగ్గా రాసి లేని క్యాప్సూల్‌కి, దానికీ పోలికే లేదు. పాపకి పెరుగన్నం, పళ్లు, మీ అందరితో పాటు అదే కూర పెట్టండి. మీ రిపోర్టులు వచ్చాక వాటిలో అర్థంకానివి ఉంటే మళ్లీ రాయండి, చూసి జవాబిస్తాను.